బండి నెత్తిన కరెంటాఫీసు

కారవాన్ అనగానే తెలుగువాళ్లకు సినిమా హీరో గుర్తొస్తాడు. ఫిల్మ్ నగర్ సందుల్లో షూటింగ్ జరుగుతుంటే నల్లద్దాల బస్సొకటి ఓరగా ఆగి ఉంటుంది. లోపల సోఫా, ఏసీ, మేకప్ అద్దం చుట్టూ బల్బులు. జనం దాని చుట్టూ మూగి సెల్‌ఫోన్లెత్తి ఫొటోలు తీసుకుంటారు. దానికి కాస్త ఎడంగా ఇంకో బండి ఉంటుంది, దాన్నెవరూ ఫొటో తియ్యరు. అది జనరేటర్. బస్సులోని సోకంతా దాని పుణ్యమే. లీటరు డీజిల్ మండితే దాదాపు పది యూనిట్ల వేడి పుడుతుంది. అందులోంచి చిన్న జనరేటర్ పిండగలిగేది రెండున్నర, మహా అయితే మూడు యూనిట్ల కరెంటు. తతిమ్మాదంతా పొగ, మోత, సెగ.

ఇప్పుడీ కారవాన్ సరదా సినిమావాళ్లను దాటి మాదాపూర్, గచ్చిబౌలి కుర్రాళ్లకు పట్టింది. కరోనా రోజుల్లో ఇంట్లోంచి పనిచేయడం అలవాటయింది కదా, ఆ ఇంటికి చక్రాలుంటే తప్పేమిటని వాళ్ల వాదన. మా మనవడూ, వాడి భార్యా ఇద్దరూ సాఫ్ట్‌వేరే. నానక్‌రామ్‌గూడలో పదహారో అంతస్తులో కూచుని రాసే ప్రోగ్రామేదో గండికోట లోయ అంచున కూచుని రాస్తే కంపెనీకి వచ్చిన నష్టమేమిటంటారు. ఏమీ లేదు. పాత మినీబస్సు ఒకటి చూసి పెట్టుకున్నారు కూడా. కప్పు ఏడున్నర మీటర్ల పొడవు, 2.3 మీటర్ల వెడల్పు.

“కప్పు నిండా సోలార్ పరిచేస్తాం తాతయ్యా. బిల్లు లేదు, డీజిల్ లేదు,” అన్నాడు వాడు.

“ఏసీ పగలూ రాత్రీ నడుస్తుంది కదా తాతగారూ?” అంది అమ్మాయి.

అసలు ప్రశ్న నువ్వే అడిగావు తల్లీ. దాని జవాబు చెప్పడానికి చాలా దూరం నడవాలి. ముందు మీరు కట్టబోయేదేమిటో తెలుసుకోండి.

ఇంటి మీద సోలార్ వేరు, బండి మీద సోలార్ వేరు. ఇంటి సోలార్‌కి గ్రిడ్ అనే పెద్ద దిక్కుంది. మన ఔటర్ రింగు రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ చూశారు కదా, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒకటి, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఇంకొకటి. రెండూ కలిపి 23 కిలోమీటర్లు. దాని మీద సోలార్ పలకలతో కప్పు వేసి 2023 అక్టోబర్ 1న తెరిచారు. సామర్థ్యం 16 మెగావాట్లు, అంటే మీటరు ట్రాక్‌కి ఏడు వందల వాట్లు. గ్రిడ్‌తో పొత్తున్న చోట మధ్యాహ్నం మిగిలింది తీగల్లోకి పోతుంది, రాత్రి కావలసింది తీగల్లోంచి వస్తుంది. నిలవ చేసుకునే బాధ లేదు. ఇంటి మీద మూడు కిలోవాట్లు పెట్టుకుంటే పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇచ్చేది కూడా గ్రిడ్‌కి కలిపినందుకే.

బండికి ఆ దిక్కు లేదు. ఉత్పత్తి మీదే, నిలవ మీదే, పంపిణీ మీదే. ఫ్యూజు పోతే నిచ్చెన భుజాన వేసుకుని వచ్చే లైన్‌మన్ కూడా మీరే. మధ్యాహ్నం రెండింటికల్లా బ్యాటరీ నిండిపోతే ఆపైన ఎంత ఎండ కాసినా మీ ఖాతాలోకి రాదు. తెల్లవారుజామున మూడింటికి బ్యాటరీ అయిపోతే ఫిర్యాదు రాసుకోవడానికి నంబరుండదు.

అందుకని పలకల దగ్గర కాదు, ఖర్చు దగ్గర మొదలుపెట్టాలి. మనలో చాలామంది ఇది తలకిందులుగా చేస్తారు. కప్పు ఎంతుందో కొలిచి, పలకలు కొనేసి, తర్వాత “ఇప్పుడు ఏమేం నడుస్తాయి?” అని అడుగుతారు.

వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. కరెంటు బిల్లులో వచ్చేది అదే. మీ ఇద్దరి ల్యాప్‌టాప్‌లూ చెరి అరవై వాట్లు, తొమ్మిది గంటలు: 1.1 యూనిట్లు. పక్కన పెట్టుకునే మానిటర్లు మరో అర యూనిట్ లోపు. రౌటర్ చిన్నదే గాని రాత్రింబవళ్లు వెలుగుతుంది కాబట్టి 0.3. బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, ఒక్కోటి ముప్ఫై వాట్ల లోపు, పదహారు గంటలు తిరిగితే 0.9. కంప్రెసర్ ఉన్న చిన్న ఫ్రిజ్ మరో 0.9. అన్నం, కూర, రెండు పూటలా కాఫీ ఇండక్షన్ పొయ్యి మీద అయితే యూనిట్నర. మిక్సీ 750 వాట్లు అని భయపడకండి, పచ్చడి రుబ్బడానికి ఆరు నిమిషాలు నడిస్తే యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. వాట్లు చూసి బెదరడం, గంటలు చూడకపోవడం మనకున్న జబ్బు.

ఇంకో పద్దు ఎవరూ రాయరు. ఇన్వర్టర్ ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నందుకే యాభై వాట్లదాకా తింటుంది. ఇరవై నాలుగు గంటలకు 1.2 యూనిట్లు! మీ రెండు ల్యాప్‌టాప్‌ల కంటే ఎక్కువ. అందుకే ఫ్యాన్లు, దీపాలు, ఫ్రిజ్, రౌటర్ — వీటన్నిటికీ ఇన్వర్టర్‌తో పని లేకుండా బ్యాటరీ నుంచే డీసీ లైను వేసుకుని, పొయ్యీ ఏసీ వాడేటప్పుడే ఇన్వర్టర్ వేసుకోవాలి.

అంతా కూడితే, వైర్లలో పోయేదీ కలుపుకుని, ఏసీ లేకుండా రోజుకు ఏడు యూనిట్లు. ఈ ఏడు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు జమ. వాతావరణం పైన సూర్యుడికి ఎదురుగా నిలబడ్డ చదరపు మీటరు మీద పడేది 1361 వాట్లు. గాలి, తేమ, దుమ్ము దాటి మధ్యాహ్నం నేలకు చేరేది సుమారు వెయ్యి. హైదరాబాద్‌లో ఏడాది సగటున రోజుకు, చదరపు మీటరుకు ఐదున్నర యూనిట్లకు కాస్త తక్కువ ఎండ పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆరు దాటుతుంది. జులై, ఆగస్టుల్లో నాలుగుంపావు ప్రాంతానికి దిగుతుంది. 1954లో అమెరికాలో బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ సిలికాన్‌తో మొదటిసారి పనికొచ్చే సోలార్ సెల్ చేసి చూపించినప్పుడు అది ఎండలో ఆరు శాతాన్ని కరెంటుగా మార్చింది. ఇప్పుడు దుకాణంలో దొరికే 550 వాట్ల పలక ఇరవై ఒక శాతం మారుస్తుంది. పొడవు 2.28 మీటర్లు, వెడల్పు 1.13. మీ బస్సు కప్పు మీద అడ్డంగా పేర్చుకుంటూ పోతే ఆరు పడతాయి, చివర్లో గాలి మర తిరగడానికి కొంచెం చోటు మిగులుతుంది. మొత్తం 3300 వాట్లు. ఆ సైకిల్ ట్రాక్ కప్పులో ఐదు మీటర్ల ముక్క కోసుకొచ్చి మీ బస్సుకు పెట్టినట్టే లెక్క.

“పలకల్ని పడుకోబెడితే నష్టం కదా తాతయ్యా, దక్షిణానికి వాల్చాలంటారు?”

మన ఊరి అక్షాంశం 17.4 డిగ్రీలు. వాల్చాల్సిందే కొంచెం. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు, అప్పుడు దక్షిణానికి వాల్చినవాడికే నష్టం. ఏడాది మొత్తం మీద పడుకోబెట్టిన పలకకు పోయేది స్వల్పం. రోజుకో దిక్కుకు తిరిగే బండికి అదే మేలు. అసలు నష్టం వేరే చోట ఉంది. పడుకున్న పలక మీద దుమ్ము జారదు. కోకాపేట వైపు ఎక్కడ చూసినా తవ్వకాలే కదా. నిచ్చెనెక్కి తడిగుడ్డతో తుడవాలి, అదీ పొద్దున్నే, పలక చల్లగా ఉన్నప్పుడు.

ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందన్నది నిజమే గాని వేడి ఎక్కువైతే తక్కువ వస్తుంది. పలక మీద రాసే 550 వాట్లు సెల్ ఇరవై ఐదు డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. ఆపైన ప్రతి డిగ్రీకి వందకు 0.35 చొప్పున దిగుబడి తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం బస్సు కప్పు మీద సెల్ అరవై ఐదుకు పోతుంది, అంటే పద్నాలుగు శాతం ఆవిరి. పలకకూ కప్పుకూ మధ్య నాలుగైదు వేళ్ల సందు వదిలితే గాలి ఆడి కాస్త నయం. వేడీ, దుమ్మూ, తీగల నష్టం అన్నీ పోను మే నెలలో రోజుకు పదిహేను యూనిట్లు, వానాకాలపు సగటు రోజున పదిన్నర, పూర్తిగా మబ్బు పట్టిన రోజున మూడున్నర నాలుగు.

నీడ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీరు బతికేది హైటెక్ సిటీలో. సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న ప్రధాని వాజపేయి ప్రారంభించిన నాడు దాని చుట్టూ బండలూ తుప్పలే. ఇప్పుడు రాయదుర్గంలో సూర్యుడు నేలకు దిగాలంటే మేడలను అడగాలి. సోలార్ పలకలో సెల్స్ అన్నీ ఒకదాని తర్వాత ఒకటి కలిసి ఉంటాయి. స్లాబు పోసేటప్పుడు సిమెంటు తట్టలు చేతులు మారుస్తూ పైకి అందించే కూలీల వరుస చూశారుగా? మధ్యలో ఒక్కడు నీరసపడితే ఆ వరుస మొత్తం వాడి వేగానికే దిగిపోతుంది. సెల్స్‌దీ అదే తీరు. ఒక్కదాని మీద నీడ పడితే మిగతావాటి కరెంటుకు అది అడ్డం పడుతుంది. పైగా అది వేడెక్కి పలకకే ఎసరు పెడుతుంది. అందుకే పలక వెనక మూడు బైపాస్ డయోడ్లు పెడతారు. నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటు పక్కదారిన పోతుంది. పలక బతుకుతుంది గాని మూడో వంతు దిగుబడి పోయినట్టే. డిష్ యాంటెన్నా నీడ, పక్కనున్న మెట్రో స్తంభం నీడ చాలు. కారవాన్‌కి చెట్టు నీడ చూసుకుని ఆగే అలవాటు మానుకోవాలి. ఇది మీకు కష్టంగానే ఉంటుంది, తరతరాల అలవాటు మరి.

పలక నుంచి బ్యాటరీకి మధ్య ఎంపీపీటీ అనే పెట్టె ఉంటుంది. పలక రెండు కొసలూ ఊరికే వదిలేస్తే వోల్టేజి నిండుగా ఉంటుంది, కరెంటు సున్నా. రెండూ కలిపేస్తే కరెంటు నిండుగా, వోల్టేజి సున్నా. రెంటి గుణకారమే కదా వాట్లు. అది ఎక్కువగా ఉండే చోటు మధ్యలో ఎక్కడో ఉంటుంది, మబ్బుకీ వేడికీ క్షణక్షణం జరుగుతుంది. ఆ చోటును వెతుకుతూ ఉండడమే ఈ పెట్టె పని. దీన్ని కొనేటప్పుడు ఒక గొయ్యి ఉంది. మీ పలక ఖాళీ వోల్టేజి 49.9. మూడు పలకలు వరసగా కలిపితే 149.7. పెట్టె మీద 150 అని రాసుంటుంది. సరిపోయిందనుకుంటారు. కాని వేడికి పలక వోల్టేజి తగ్గినట్టే చలికి పెరుగుతుంది. డిసెంబరులో లంబసింగి వెళ్లి, తెల్లవారాక ఐదు డిగ్రీల చలిలో మొదటి ఎండ పడగానే ఆ 149.7 కాస్తా 158 అవుతుంది. పెట్టె పని సరి. రెండేసి పలకలు వరసగా, అలాంటి మూడు వరసలు పక్కపక్కన కలిపితే నూట ఐదు దగ్గర ఆగిపోతుంది. నీడ విషయంలోనూ అదే మంచిది.

ఇక బ్యాటరీ. సోలార్ మీద ప్రేమ ఉన్నవాళ్లంతా పలకల గురించే మాట్లాడతారు. ఆఫ్-గ్రిడ్ వ్యవస్థ బతికేదీ చచ్చేదీ బ్యాటరీ దగ్గరే. మన శ్రీహరికోట నుంచి 2013 నవంబర్ 5న మంగళయాన్ వెళ్లింది. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్నది ఎనిమిదేళ్ల దాకా పనిచేసింది. 2022 ఏప్రిల్‌లో అంగారకుడి నీడలో చాలాసేపు చిక్కుకుని, ఆ తర్వాత మాట్లాడలేదు. దాని బ్యాటరీ గంటా నలభై నిమిషాల నీడను తట్టుకునేలా చేసిందని పత్రికల్లో వచ్చింది. పడిన నీడ అంతకంటే చాలా ఎక్కువ. పలకలు బాగానే ఉండి ఉండవచ్చు, చీకటిలో వాటితో ఏం పని? మీ బస్సుకు అలాంటి గ్రహణం జులైలో వస్తుంది. అల్పపీడనం అంటారు, మూడు నాలుగు రోజులు సూర్యుడు కనపడడు.

కాబట్టి బ్యాటరీ కొలత ఆ మూడు నాలుగు రోజుల్ని బట్టి. రోజు ఖర్చు ఏడు, మబ్బులోంచి వచ్చేది మూడున్నర పైచిలుకు, లోటు మూడు దాటి. మూడున్నర రోజులు గడవాలంటే చేతికందే నిలవ పన్నెండు యూనిట్లు ఉండాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ ఒక్కోటి 3.2 వోల్టులు, 280 ఆంపియర్-అవర్లు. పదహారు వరసగా కలిపితే 51.2 వోల్టులు, 14.3 యూనిట్లు. నిండా నింపకుండా, అడుగంటా ఊడ్చకుండా వాడితే ఆ పన్నెండు దొరుకుతాయి. సెల్స్ బరువు ఎనభై ఐదు కిలోల చిల్లర, పెట్టెతో నూట పది. ఇదే పన్నెండు యూనిట్లు మన ఇళ్లల్లో ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబులర్ బ్యాటరీలతో కావాలంటే, వాటిని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి, 150 ఆంపియర్-అవర్లవి పదమూడో పద్నాలుగో కావాలి. ఒక్కోటి యాభై కిలోల పైమాట. ఏడు వందల కిలోల సీసమూ ఆమ్లమూ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కుతారా?

ఈ ఫాస్ఫేట్ రసాయనాన్ని 1997లో అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం నుంచి లోకానికి చెప్పిన పత్రం మీద గుడినఫ్‌తో పాటు పాఢి, నంజుండస్వామి అని మన పేర్లు రెండు ఉంటాయి. గుడినఫ్‌కి 2019లో నోబెల్ వచ్చింది, లిథియం అయాన్ బ్యాటరీల మీద చేసిన పనికి. ఫాస్ఫేట్ గొప్పతనం ఏమిటంటే, భాస్వరం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది. బాగా వేడెక్కినా తేలిగ్గా వదలదు. నికెల్, కోబాల్ట్ ఉన్న లిథియం బ్యాటరీలు వేడి మితిమీరితే తమ ఆక్సిజన్‌ను తామే వదిలి మంటకు సాయం చేస్తాయి. మనుషులు పడుకునే బండిలో బరువు నాలుగు కిలోలు ఎక్కువైనా ఫాస్ఫేట్‌దే నా ఓటు. రెండు షరతులు. నలభై ఐదు డిగ్రీలు దాటే చోట, అంటే ఇంజను పక్కన గాని, రేకు కింద గాని పెట్టొద్దు, ఆయుష్షు కరిగిపోతుంది. మీరుండే చోటే అదీ ఉండాలి. సున్నా కంటే చలిలో చార్జ్ చేయొద్దు. లిథియం లోపలికి దూరలేక పైన లోహంగా పేరుకుంటుంది. మన జిల్లాల్లో ఈ రెండో బాధ దాదాపు లేదు, లద్దాఖ్ పోతామంటే ఉంది.

ఇంకో దారి కూడా ఉంచుకోండి. బండి నడుస్తున్నప్పుడు ఇంజను ఆల్టర్నేటర్ నుంచి కిలోవాటు తీసుకునే డీసీ చార్జర్ పెట్టుకుంటే, ఏడెనిమిది గంటల ప్రయాణంలో ఒక రోజు ఖర్చు వచ్చేస్తుంది. నేరుగా మాత్రం కలపకండి. లిథియం ఆగకుండా లాగుతుంది, ఆల్టర్నేటర్ కాలిపోతుంది.

ఇప్పుడు అమ్మాయి ప్రశ్నకు వద్దాం.

ఏసీని టన్నుల్లో ఎందుకు కొలుస్తారో తెలుసా? వెనకటికి మంచు దిమ్మలతోనే చల్లబరిచేవారు. అమెరికా టన్ను, అంటే 907 కిలోల మంచు ఒక రోజులో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో అది ఒక టన్ను చల్లదనం. 3.5 కిలోవాట్ల వేడిని బయటికి తోడడమన్నమాట. ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు, వేడిని తోడి బయట పోస్తుంది. తోడడానికి దానికి కావలసిన కరెంటు కిలోవాటు ప్రాంతం. కాబట్టి ఏసీ ఎంత తింటుందన్నది ఏసీ చేతిలో లేదు, లోపలికి ఎంత వేడి వస్తోందన్న దాన్లో ఉంది.

మీ కప్పు పదిహేడు చదరపు మీటర్లు. మే మధ్యాహ్నం రేకు అరవై ఐదు డిగ్రీలు, లోపల ఇరవై ఆరు కావాలి. రేకు కింద ఉత్త ప్లైవుడ్ కొట్టి వదిలేస్తే ఆ కప్పు గుండానే మూడు కిలోవాట్లకు పైగా వేడి దిగుతుంది. అంటే దాదాపు ఒక టన్ను ఏసీ కేవలం కప్పుతో కుస్తీ పట్టడానికే సరి. అదే ప్లైవుడ్ వెనక రెండంగుళాల పఫ్ (వేడిని ఆపే నురగ) నింపితే ఆ మూడు కిలోవాట్లూ మూడు వందల వాట్లకు దిగుతాయి. పైన పలకలు నీడపట్టి, సందులో గాలి ఆడితే ఇంకా తక్కువ. ఖర్చు పెట్టాల్సిన మొదటి రూపాయి పలక మీద కాదు, ఈ పఫ్ మీద. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే, తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. మీ బస్సు పక్కలకు కూడా తెల్లరంగే వేయించండి. నల్లద్దాల హీరోగారి సోకు మనకొద్దు. కిటికీలు కూడా చిన్నవే పెట్టించండి. భగభగ మండే ఊళ్లో నిలువెత్తు గాజు పెట్టెలు కట్టి, వాటిలో టన్నులకు టన్నులు ఏసీ తోలుకోవడం ఏం ఇంజనీరింగో నాకు బోధపడదు. మీ ఆఫీసును చూసి మీ బస్సు కట్టకండి.

ఇన్ని చేశాక ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రి ఎనిమిది గంటలు, సగటున ఏడు వందల వాట్లతో నడిస్తే 5.6 యూనిట్లు. ఏడుకు కలిపితే పన్నెండున్నర. మే నెల జమ పదిహేను. సరిపోయింది. వానాకాలంలో జమ తగ్గుతుంది, కాని అప్పుడు ఏసీ అక్కర్లేదు. ఎండా ఏసీ అవసరమూ ఒకే నెలల్లో రావడం మన అదృష్టం. పగలూ రాత్రీ నడవాలంటే మాత్రం ఏసీ ఒక్కదానికే ఇరవై యూనిట్లు, మొత్తం ఇరవై ఏడు. దానికి దాదాపు రెండు బస్సుల కప్పు కావాలి. పగలు ఫ్యాను కింద పని చేసుకోండి తల్లీ, లేదా మధ్యాహ్నం బ్యాటరీ నిండి ఎండ వృథా పోయే గంటన్నర రెండు గంటలు వేసుకోండి. రిమోట్ మీద ఇరవై నాలుగు కంటే కిందికి పోకండి. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ ఆ అంకె మీదే మొదలవ్వాలని ప్రభుత్వమే నియమం పెట్టింది.

“పన్నెండు వోల్టుల సామాన్లు బజార్లో బోలెడు తాతయ్యా, యాభై ఒకటి ఎందుకు?”

మూడు కిలోవాట్లు పన్నెండు వోల్టుల మీద తీసుకుంటే 250 ఆంపియర్లు పారాలి. యాభై మీద అయితే అరవై. తీగలో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది. నాలుగింతల కరెంటుకు పదహారింతల వేడి. తీగ చివరి లగ్ ఒక్కటి సరిగా బిగించక నూరో వంతు ఓమ్ నిరోధం మిగిలిపోయిందనుకోండి. అరవై ఆంపియర్ల దగ్గర అక్కడ ముప్ఫై ఆరు వాట్ల వేడి, అది సోల్డరింగ్ ఐరన్ అంత. 250 దగ్గర ఆరు వందల పాతిక వాట్లు, అది చిన్న హీటరు. బండి గతుకుల్లో కదిలే కొద్దీ నట్లు సడలుతాయి కూడా. లగ్‌లను హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి, సుత్తితో కొట్టేవాడి దగ్గరికి వెళ్లకండి. కాలానికోసారి మళ్లీ బిగించండి.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలో ఉండాలి. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు దూకుతాయి. మామూలు ఫ్యూజు కాలినా మంట ఆగదు, అందుకోసమే చేసిన రకం అడిగి తీసుకోండి. ఇంట్లో వాడే ఎంసీబీని తెచ్చి డీసీ లైనుకు పెట్టడం మన మెకానిక్‌లకు ఒక సరదా. ఇంటి కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది, స్విచ్చు తెరిచినప్పుడు లేచిన నిప్పురవ్వ ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. డీసీకి సున్నా అనేది రాదు. రవ్వ అలాగే నిలబడి ప్లాస్టిక్‌ను కాలుస్తుంది. డీసీ అని రాసి ఉన్న బ్రేకరే కావాలి. ఇన్వర్టర్ తర్వాత ముప్ఫై మిల్లీఆంపియర్లు లీకైతే కరెంటు తెంచే ఆర్‌సీసీబీ పెట్టి, ఇన్వర్టర్ న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ బండి ఛాసిస్‌కి కలిపించండి. రబ్బరు టైర్ల మీద నిలబడ్డ ఇనప పెట్టె అది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పట్టుకునేది మీరే.

పలకలు ఊడి పడకుండా చూసుకోవడం కూడా ఎలక్ట్రికల్ పనిలోదే. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు నలభై ఐదు కిలోలు దాటుతుంది. ముందు అంచు కిందికి గాలి దూరితే ఒక్కో పలకను నూట ఇరవై కిలోల బలంతో లేపగలదు. ఔటర్ మీద మీ వెనక వచ్చేవాడికి అది తగిలితే? జిగురుతో అంటించేవాళ్లుంటారు, ఒప్పుకోకండి. కప్పు పక్కటెముకలకు బోల్టులు వేసి, ముందు అంచుకు గాలి మళ్లించే రేకు పెట్టించండి. పలకలు, ఫ్రేమ్ కలిపి రెండు వందల కిలోల పైన నెత్తి మీద ఉంటుంది కాబట్టి బ్యాటరీ కింద, ఇరుసుల మధ్య పెట్టి బరువు సమం చేయండి.

ఇదంతా గ్యారేజీలో గుట్టుగా చేయించుకునే పని కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపు మార్చాలంటే ముందు ఆర్టీఏ అనుమతి ఉండాలి, మార్చింది ఆర్‌సీలో ఎక్కాలి. మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అని ప్రత్యేక ప్రమాణం ఉంది. బాడీ కట్టేవాణ్ణి మొదటి మాటగా దాని గురించే అడగండి. ఆ పేరు వినలేదంటే ఇంకొకణ్ణి చూసుకోండి. అనుమతి లేని మార్పు ఉంటే ప్రమాదం నాడు ఇన్సూరెన్స్‌వాడు మొహం చాటేస్తాడు.

కాబట్టి లెక్క ఇది: 3300 వాట్ల పలకలు, పద్నాలుగు యూనిట్ల ఫాస్ఫేట్ బ్యాటరీ, ఐదు కిలోవాట్ల సైన్‌వేవ్ ఇన్వర్టర్, రెండంగుళాల పఫ్, రాత్రికి ఏసీ. ఇది మీ ఇద్దరికి వేసిన లెక్క. చదువుతున్న మీలో ఎవరికైనా కారవాన్ మీద మనసుంటే నా అంకెలు ఎత్తి రాసుకోకండి. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న ప్లగ్ మీటరు ఒకటి కొని, మీ ఇంట్లో మీరు బండిలో వాడదలచిన ప్రతి వస్తువునూ దానికి తగిలించి మే నెలలో ఒక వారం, జులైలో ఒక వారం యూనిట్లు రాసి పెట్టుకోండి. ఆ రెండు కాయితాలు చేతిలో లేకుండా కోఠీ ట్రూప్ బజార్‌కు వెళ్లి ఒక్క పలక కూడా బేరం చేయకండి.